ఇంటి వెనక రేకులు

గాలి కాస్త గట్టిగా వీస్తే చాలు, సురేఖ ఇంటి వెనక గోడకు ఆనించిన రేకులు గడగడమని కొట్టుకునేవి. ఆ చప్పుడు ఆమెకు గిట్టేది కాదు. పన్నెండు రేకులు, ఒక కట్ట సరుగుడు కొయ్యలు, మడిచిపెట్టిన టార్పాలిన్. ఆరేళ్ళ కిందట ఈ ఇంట్లో పాలు పొంగించిన రోజున ఆమె మొగుడు ధనశేఖర్ వాటిని తెచ్చి అక్కడ పెట్టి, తీగతో బిగించి కట్టాడు. అప్పటినుంచి అవి అక్కడే ఉన్నాయి. తేళ్ళు చేరతా ఉండాయి, అమ్మేద్దామయ్యా అని ఆమె ఎన్నిసార్లు మొత్తుకున్నా, "ఉండనీలే, అవేమన్నా నిన్ను అన్నం అడిగినాయా?" అనేవాడు.

ధనశేఖర్ తాపీ మేస్త్రీ. తాతల కాలంనుంచీ వాళ్ళది కట్టడం పనే. ఎక్కడ గోడ లేస్తే అక్కడ రేకుల కొట్టం వేసుకోవాలి. ఆ ఇంటికి రంగులు పడేసరికి రేకులు విప్పుకుని ఇంకో ఊరికి పోవాలి. సురేఖ పెళ్ళయి వచ్చింది ఆ రేకుల కిందికే. కూతురు సుమిత పుట్టిందీ వాటి కిందే. ఎండాకాలం ఆ వేడికి పసిదాని ఒళ్ళంతా పేలి, రాత్రంతా గుక్కపట్టి ఏడ్చేది. మొగుడు గోడ కడితే ఆమె సిత్తాలుగా, అంటే ఇసకా సిమెంటూ కలిపి బొచ్చెలో ఎత్తి అందించే మనిషిగా, పక్కనే ఉండేది. ఊళ్ళో వాళ్ళందరికీ ఇళ్ళు కట్టిపెట్టి మనం మాత్రం రేకులు నెత్తిన పెట్టుకుని తిరగాల్నా అని ఆమె గోలగోల చేసి, అలిగి, అన్నం మానేసి సాధిస్తే, చివరికి వేలూరు పక్క గుడియాత్తంలో రెండు సెంట్ల జాగా కొన్నారు. వేలూరులో ఇళ్ళకు అప్పులిచ్చే ఒక కంపెనీలో ఎనిమిది లక్షలు లోను తీశారు. ఇద్దరి పేరా రాశారు కాబట్టి ఇద్దరూ సంతకాలు పెట్టారు. ధనశేఖర్ తన చేతులతోనే రెండు గదులు లేపాడు.

అన్నీ కట్టాడుగానీ వాకిట్లో మెట్టు మాత్రం కట్టలేదు మహానుభావుడు. సిమెంటు పెట్టకుండా నాలుగు ఇటుకలు పేర్చి వదిలేశాడు. ఊరి షావుకార్ల ఇళ్ళకు అద్దంలాంటి మెట్లు వేసే మనిషి, తన ఇంటికి ఎవరొచ్చినా ఇటుక కదిలి తూలి పడాల్సిందే. పక్కింటి ఆరోకియమేరి ఊరుకునే రకం కాదు. "ఏం మేస్త్రీ, మీ ఇంట్లోకి రావాలంటే సర్కస్ నేర్చుకోవాల్నా?" అని మొహం మీదే అనేది. అతను నవ్వి, "కట్టేద్దాంలేక్కా" అనేవాడు. ఆరేళ్ళుగా అదే మాట.

ఇల్లయ్యాక సురేఖ బొచ్చె మొయ్యడం మానేసింది. ఆరోకియమేరి దగ్గర బీడీలు చుట్టడం నేర్చుకుంది. కిటికీ దగ్గర చేట ఒళ్ళో పెట్టుకుని కూచుంటే, స్కూలు వదిలిన సుమిత సందు మలుపులోనే కనిపించేది. పిల్ల మొదటిసారి ఒకే బడిలో ఆరేళ్ళు చదివింది. సురేఖకు ఇంతకంటే ఏమీ అక్కర్లేదు, నిజంగా.

అలాంటి ఇంటికి ఆ నెల కంపెనీనుంచి ఫోను వచ్చింది. మీరు పాత వడ్డీ మీద కడుతున్నారు, ఒక్కసారి ఫీజు కడితే వడ్డీ తగ్గిస్తాం, ఈ నెలాఖరు వరకే అన్నారు. ఆరోకియమేరి కొడుకు పోయిన ఏడాది తన లోనుకు అలాగే కట్టాడట. కాబట్టి మోసం కాదు. ఫీజు పన్నెండు వేల ఎనిమిది వందలు. నెలకు తగ్గేది ఏడు వందలు. సురేఖ లెక్కలు వేసుకుంది. కట్టకపోతే ఇంకా పద్నాలుగేళ్ళు ఆ ఏడు వందలూ నెలనెలా ఊరికే పోతాయి. కడదామంటే అంత డబ్బు యాడనుంచి వస్తుంది? ఆ రెండు నెలలుగా గుడియాత్తంలో పనులు పడుకున్నాయి. పోయిన నెల లోను కంతు కట్టడానికే ఆమె చెవి కమ్మలు బ్యాంకులో తాకట్టుకు పోయాయి. అడకత్తెరలో పోకచెక్కలా అయింది ఆమె పని. బీడీ చుడుతూ దారం వెయ్యడం మరిచిపోయేది.

మూడోనాడు ధనశేఖర్ డబ్బు తెచ్చాడు. "యాడిది?" అంటే, "పాత పని బాకీ, ఇన్నాళ్ళకు ఇచ్చినారు" అన్నాడు. ఆమె దేవుడికి దణ్ణం పెట్టుకుంది. "అయినా అది యాడికీ పోదులే సురేఖా. ముందు ఇచ్చేది అడ్వాన్సే కదా, ఆఖర్న కోసుకుంటారు. మన దుడ్డు మనకే వస్తాది" అని ధైర్యం కూడా చెప్పాడు. ఆమెకూ అదే సబబు అనిపించింది. వాళ్ళ పనిలో అడ్వాన్సంటే అంతే మరి. ముందు ఎంత పుచ్చుకుంటే ఆఖరి లెక్కలో అంత కోస్తారు. లోకమంతా అలాగే నడుస్తుందనుకున్నారు ఇద్దరూ.

వేలూరులో ఆ ఆఫీసు ఒక మెడికల్ షాపు పైన ఉంది. ఏసీ గదిలో చెమటలు కక్కుకుంటూ కూచున్నారు. ఎదురుగా మోనిష అనే పిల్ల, పాతికేళ్ళుంటాయేమో, కంప్యూటర్లో చూసి తమిళంలో చెప్పుకుపోతోంది. మంచి పిల్లే. అర్థం కాకపోతే విసుక్కోకుండా మళ్ళీ చెబుతోంది.

ధనశేఖర్ గొంతు సవరించుకున్నాడు. "ఈ పన్నెండు వేల చిల్లర, ఆఖరి బిల్లులో కోసుకుంటారు కదమ్మా?"

"ఏ బిల్లు సార్?"

"అదేనమ్మా, లోను తీరే రోజున. ముందు ఇచ్చింది ఆఖర్న తీసెయ్యాల కదా?"

"అయ్యో, ఇది అడ్వాన్సు కాదు సార్, ఫీజు. తిరిగి రాదు. అసల్లో కూడా తగ్గదు."

ధనశేఖర్ మొహం మాడిపోయింది. సురేఖ చేతిలోని సంచిని ఒళ్ళోకి లాక్కుంది. పన్నెండు వేలు పోతాయా? గంగలో కలిపినట్టేనా?

"పోనీ, ఈ కొత్త వడ్డీ ఎప్పటికీ ఇంతేనా?" అని అడిగిందామె.

"అట్లా మాట ఇవ్వలేనక్కా. బయట వడ్డీలు పెరిగితే ఇదీ పెరుగుతుంది. కానీ ఫీజు కట్టకుండా ఉంటే ఎంత ఉండేదో, దానికంటే మీకు తక్కువే ఉంటుంది." మోనిష కుర్చీ ముందుకు జరుపుకుంది. "సింపుల్‌గా చెప్తాను చూడండి. నెలకు ఏడు వందలు మిగిలితే, ఈ ఫీజు ఏడాదిన్నరకు గిట్టుబాటవుతుంది. ఆ తర్వాత మిగిలేదంతా మీదే. అంతకు ముందే ఇల్లు అమ్మేసి లోను మూసేస్తే మాత్రం ఫీజు దండగ. కాబట్టి మీరే చెప్పండి. ఆ ఇంట్లో ఎన్నాళ్ళు ఉంటారు?"

తరతరాలుగా వాళ్ళ ఇంటావంటా ఎవరినీ ఎవరూ అడగని ప్రశ్న అది. పని ఎన్నాళ్ళు అని అడుగుతారుగానీ, ఇంట్లో ఎన్నాళ్ళు ఉంటారని అడిగే దిక్కెవరు? అదేం అడగడం తల్లీ, చచ్చేదాకా ఉంటాం అని సురేఖ నోటిదాకా వచ్చింది. కానీ మొగుడు చెప్పాలి కదా అని అతనివైపు చూసింది. ధనశేఖర్ తన అరచేతుల్లోకి చూసుకుంటున్నాడు. సిమెంటు తిని పగిలిపోయిన అరచేతులు.

"చెప్పయ్యా" అంది.

"కట్టేద్దాం. దుడ్డు లెక్కబెట్టు" అన్నాడు, ప్రశ్నకు జవాబు చెప్పకుండా.

ఆమె పసుపు పచ్చ గుడ్డసంచి విప్పింది. నోట్ల కట్ట తీసింది. పై నోటు మూలన పసుపు మరక ఉంది. సంచి అడుగున చెయ్యి పెడితే ఏదో గరగరలాడింది. తీసి చూస్తే వాడిపోయిన తమలపాకులు. రెండు.

వాళ్ళ పనిలో అడ్వాన్సు ఊరికే చేతిలో పెట్టరు. పై నోటుకు పసుపు రాసి, తమలపాకులో పెట్టి ఇస్తారు. ఒక మనిషి పనికి వస్తే ఒక ఆకు. మొగుడూ పెళ్ళాం ఇద్దరూ రావాలంటే, దాన్నే జోడీ అంటారు, రెండాకులు. పని మొదలయ్యేదాకా ఆ ఆకులు పారెయ్యకూడదు. ఆకు పుచ్చుకున్నాక మాట తప్పకూడదు. అడ్వాన్సు తీరేదాకా, అది ఇచ్చిన పెద్ద మేస్త్రీ ఎక్కడికి పొమ్మంటే అక్కడికి పోవాలి. ఇది సురేఖ పుట్టినప్పటినుంచీ చూస్తున్నదే. పాత బాకీ లేదు, గీకీ లేదు. ఇది జోడీ అడ్వాన్సు. ఒకాకు మొగుడిది. రెండోది తనది.

ఆమె నోట్లు మళ్ళీ సంచిలో పెట్టి మూతి బిగించింది. "ఎల్లుండి వస్తాం పాపా" అంది.

"ఎల్లుండే ఆఖరి రోజక్కా" అంది మోనిష.

బస్సు కాట్పాడి దాటింది. తర్వాత ఆమె కిటికీలోంచి బయటికి చూస్తూనే అడిగింది. "ఎవరు ఇచ్చినారు?"

"ఏలుమలై."

"యాడికి?"

"హోసూరుకు. పెద్ద అపార్ట్‌మెంటు పని. రెండేళ్ళు ఉంటాది." ధనశేఖర్ తక్కినదీ చెప్పేశాడు. "ముప్పై వేలు ఇచ్చినాడు. తక్కింది బియ్యం డబ్బాలో ఉండాది, పైసా ముట్టలేదు. ఒంటి మనిషికైతే ఇయ్యనన్నాడు. ఏం చేసేది?"

"నన్ను అడగాలని తోచలేదా నీకు?"

"అడిగితే వస్తానంటావా?"

"నా ఆకు నువ్వు పుచ్చుకుని, నన్ను అడగవా?" ఆమె గొంతు పెరిగింది. ముందు సీటు ముసలాయన వెనక్కి తిరిగి చూశాడు. ఆమె పట్టించుకోలేదు. "సుమితను ఏం చేద్దామని? రేకుల కింద పెడతావా? దానికి పదమూడేళ్ళయ్యా! తలుపు లేని కొట్టంలో పెడతావా దాన్ని?"

"ఇంటికోసరమే కదే! ఇల్లు బాడుగకిస్తే కంతుకు ఆసరా అయితాది. వడ్డీ తగ్గించుకుంటే ఇంకొంచెం తేలికయితాది. రెండేళ్ళు కష్టపడితే ఇల్లు నిలబడతాది."

"ఇల్లు నిలబడతాది. మనం యాడ ఉంటాం?"

కె.వి. కుప్పంలో ఎవరో దిగుతూ సంచీ తగిలించి పోయారు. ఆమెకు ఏడుపు తన్నుకొచ్చింది. అతని మీద కోపం కంటే భయమే ఎక్కువ. ఎందుకంటే అతను చెప్పిందాంట్లో అబద్ధం లేదు. ఈ ఊళ్ళో పని లేదు. రెండు కంతులు తప్పితే కంపెనీ నోటీసు పంపిస్తుంది. హోసూరు పోతే డబ్బు ఉంటుంది, ఇల్లు ఉండదు. పోకపోతే ఇల్లు ఉంటుంది, డబ్బు ఉండదు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఈ రెంటికీ తోడు ఆ పన్నెండు వేలొకటి! ఇల్లు నిలిచేది ఖాయమైతేనే కట్టాలి, నిలుస్తుందో లేదో తెలియనప్పుడు కడితే దండగ.

సాయంత్రం ఇంటికి చేరేసరికి గాలి లేచింది. వెనక రేకులు గడగడలాడాయి. వాకిట్లో అడుగు పెడుతూ సురేఖ ఇటుక మీద తూలి, గోడ పట్టుకుని నిలబడింది. అలాగే నిలబడి ఆ కదిలే ఇటుకల్ని చూసింది. వెనకనుంచి రేకుల మోత విన్నది. అప్పుడు తట్టింది ఆమెకు. మోనిష అడిగిన ప్రశ్నకు ఈ మనిషి ఆరేళ్ళనుంచీ జవాబు చెబుతూనే ఉన్నాడు. మెట్టు కట్టలేదు. రేకులు అమ్మలేదు.

"ఏమయ్యా, ఇటు రా" అని పెరట్లోకి తీసుకుపోయింది. "ఇవి అమ్మేద్దాం."

"రేకులా?" ధనశేఖర్ ఉలిక్కిపడ్డాడు. పెళ్ళాన్ని అమ్మమన్నా అంత కంగారు పడి ఉండడు. "నీకేమన్నా పిచ్చి పట్టిందా? అవి మా నాయన ఇచ్చినవి. రేపు ఏదన్నా అయితే?"

"ఏమయితాది?"

"ఇల్లు పోతే! కంతు కట్టలేక ఇల్లు పోతే యాడికి పోతాం సురేఖా? ఎవరి పంచన చేరతాం? రేకులుంటే యాడన్నా నాలుగు కొయ్యలు పాతుకుని బతకొచ్చు." చెబుతూ చెబుతూనే అతని కళ్ళు నీళ్ళతో నిండిపోయాయి. "నీకు తెలీదు. మా నాయన చచ్చేముందు కూడా అదే చెప్పినాడు. రేకులు విడవద్దురా అన్నాడు."

సురేఖ ఇన్నాళ్ళూ బద్ధకమనుకుంది, మొండితనమనుకుంది. మొగుడు ఆరేళ్ళుగా ఈ ఇంట్లో భయపడుతూ పడుకుంటున్నాడని ఆమెకు తెలియదు. ఆ మాట ముందే చెప్పి ఉంటే ఎంత బాగుండేది!

"నాకూ భయమేనయ్యా" అంది మెల్లగా. "నీకంటే ఎక్కువ భయం. అయినా రేకులున్నంతకాలం నీ మనసు వాటిమీదే ఉంటాది. పని లేదంటే ఈ ఊళ్ళో నాలుగిళ్ళు ఎక్కి దిగి అడగవు, రేకులవైపు చూస్తావు. నేను మళ్ళీ బొచ్చె మోస్తాను. నీకు జోడీ కావాల్నా? వస్తాను. అయితే పొద్దున పోయి సాయంత్రానికి ఈ ఇంటికి రావాల. ఏలుమలై దుడ్డు ఏలుమలైకి ఇచ్చెయ్. ఈ రేకులమ్మి ఆ ఫీజు కడదాం."

అతను ఆ రాత్రి అన్నం సగంలో లేచిపోయాడు. సురేఖకు కూడా ముద్ద దిగలేదు. తప్పు చేస్తున్నానేమో, ఉన్న ఒక్క ఆధారాన్నీ నా నోటితో నేనే పోగొడుతున్నానేమో అని తెల్లవార్లూ ఒకటే గుబులు.

పొద్దున్నే పెరట్లో కటింగ్ ప్లేయరు చప్పుడు వినిపించింది. వెళ్ళి చూస్తే ధనశేఖర్ రేకులకు కట్టిన తీగ తెంపుతున్నాడు. ఆరేళ్ళ తుప్పు, ఊరికే తెగడం లేదు. ఆమె పోయి రెండో కొస పట్టుకుంది.

అణైకట్ పక్క కోళ్ళ కొట్టం వేసుకుంటున్న సుందరం ట్రాక్టరు తెచ్చుకున్నాడు. రేకులకూ కొయ్యలకూ కలిపి పది వేలు. బేరం ఆడాల్సిన ధనశేఖర్ ఆడలేదు. ఒక్కో రేకు ఎత్తుతూ దాని మీద ఒకసారి చెయ్యి వేసి వదిలాడు. ట్రాక్టరు సందు మలుపు తిరిగేదాకా చూశాడు. తక్కిన రెండు వేల ఎనిమిది వందలు సురేఖ బీడీల డబ్బు. సుమిత సైకిలు కోసం దాచింది. పిల్లకు చెబితే మూతి ముడుచుకుందిగానీ, "అట్లయితే హోసూరు పోమా?" అని రెండుసార్లు అడిగి, సైకిలు ఊసు వదిలేసింది.

ఏలుమలై ఊరుకుంటాడా? ఆకు పుచ్చుకుని తిరిగిచ్చేవాడు మేస్త్రీ ఎట్లవుతాడురా అని పదిమందిలో నానా మాటలూ అన్నాడు. "రేపు ఆకలితో వచ్చి నా కాళ్ళు పట్టుకున్నా నీకు ఒక్క రూపాయి ఇయ్యను, గుర్తుపెట్టుకో" అన్నాడు. ధనశేఖర్ తలొంచుకుని ముప్పై వేలూ, పైన రెండాకులూ పెట్టి వచ్చేశాడు. ఆ మాట ఉత్త బెదిరింపు కాదని ఇద్దరికీ తెలుసు. ఈ చుట్టుపక్కల పెద్ద పనులన్నీ ఏలుమలై చేతిమీదుగానే పోతాయి.

ఆఖరి రోజు మధ్యాహ్నం మళ్ళీ ఆ ఏసీ గదిలో కూచున్నారు. మోనిష డబ్బు తీసుకుని, కాగితాలు ముందుకు జరిపింది. "అయితే ఏడాదిన్నర దాటి ఉంటారుగా?" అంది నవ్వుతూ.

ఈసారి ధనశేఖర్ తల ఎత్తాడు. "రేకులు అమ్మేసినామమ్మా. ఇంక మాకు పోయేదానికి చోటు లేదు" అన్నాడు.

పాపం, ఆ పిల్లకు ఏం అర్థమైందో ఏమో, నవ్వు ఆపేసి పెన్ను అందించింది. అతను సంతకం పెట్టాడు. సురేఖ కూడా పెట్టింది. రసీదు మడిచి సంచిలో పెట్టుకుంటుంటే, వడ్డీలు పెరిగితే ఏం గతి, పై నెల పని దొరక్కపోతే ఏం గతి అని మనసు మళ్ళీ మొదలుపెట్టింది. భయం ఎక్కడికీ పోలేదు. వాళ్ళతోపాటే బస్సెక్కి గుడియాత్తం వచ్చింది.

మర్నాడు ఆదివారం. ధనశేఖర్ టీ తాగి ఊరికే అరుగు మీద కూచుని, ఇంటి పక్క సందులోంచి రేకులు లేని పెరటికేసి చూస్తున్నాడు. సురేఖ చీర కుచ్చెళ్ళు ఎగదోపి, పాత బొచ్చె దులిపి, మూల పడున్న అరబస్తా సిమెంటు విప్పింది. ఇసక పోసి, గుంట చేసి, నీళ్ళు వదిలి పారతో కలిపింది. చెయ్యి ఆ పని మరిచిపోలేదు. బొచ్చె నిండా ఎత్తుకొచ్చి వాకిట్లో దించింది.

"ఏందే ఇది?" అన్నాడు.

"జోడీ కావాలన్నావు కదా. రా, తాపీ తీసుకో."

అతను ఆమెవైపు చూశాడు. ఇటుకలవైపు చూశాడు. లేచి లోపలికి పోయి తాపీ, తూకం దారం తెచ్చుకున్నాడు. పాత ఇటుకలు పక్కకు తీసి, మట్టి దిమ్మిస కొట్టి, కింద పరుపు వేశాడు. ఆమె అందిస్తూ ఉంటే అతను ఒక్కొక్క ఇటుకా పెట్టాడు. పరాయివాళ్ళ ఇంటికి ఎలా పెడతాడో అంత పొందిగ్గా పెట్టాడు. పైన నున్నగా పూత పూశాడు. గోడమీంచి తొంగి చూసిన ఆరోకియమేరి "అమ్మాడీ!" అని బుగ్గన వేలు వేసుకుంది.

పని అయ్యాక ధనశేఖర్ చేతులు కడుక్కుంటూ, "పచ్చిది, రెండు రోజులు ఎవరూ కాలు పెట్టొద్దు" అన్నాడు. "ఈ ఎండకు బీటలు వస్తాయి. వారం దాకా పొద్దున, సాయంత్రం నీళ్ళు పట్టాల. మరిచిపోతావేమో."

"పడతాలే" అంది సురేఖ. "నేను యాడికి పోతాను?"